మూల తప్పిన గాంట్రీ: లంబంగా లేని అక్షాలపై ఒక కేస్ స్టడీ

వర్క్‌షాప్ వివరాలు, యంత్రం తయారీదారు పేరు తీసేశాను. కొలతల్లో మాత్రం ఏమీ మార్చలేదు, ఎందుకంటే ఈ కేసులో విషయమంతా వాటిలోనే ఉంది.

నేపథ్యం

అది చెక్క ప్యానెళ్లు కోసి రంధ్రాలు వేసే సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ ఆదేశాలతో నడిచే కోత యంత్రం. పని విస్తీర్ణం 1200 × 900 మి.మీ. కోసే పనిముట్టును తిప్పే స్పిండిల్ ఒక అడ్డదూలం మీద ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, అది ఎక్స్ అక్షం. ఆ దూలమే గాంట్రీ. దాని రెండు చివరలూ రెండు పట్టాల మీద ముందుకూ వెనక్కూ కదులుతాయి, అది వై అక్షం. పట్టాల మధ్య దూరం 1400 మి.మీ. ఒక్కో చివరకు ఒక్కో మోటారు, ఆ చివరను కదిపే ఒక్కో బాల్ స్క్రూ, ప్రారంభ స్థానాన్ని గుర్తించే ఒక్కో హోమింగ్ స్విచ్ ఉన్నాయి. మోటార్లను నడిపే కంట్రోలర్ జీఆర్‌బీఎల్ అనే సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్ తరహాది. ప్యానెల్‌ను ఆనించే ఫెన్స్‌ను ఎడమవైపు, పట్టాలకు సమాంతరంగా బిగించారు. దీన్ని గుర్తుంచుకోవాలి, తరువాత పెద్ద తేడా తెచ్చింది ఇదే.

సమస్య

18 మి.మీ. ప్యానెళ్లకు పైనుంచి 5 మి.మీ. రంధ్రం, తిప్పి వేశాక కిందినుంచి అదే చోట 12 మి.మీ. కౌంటర్‌బోర్ (అదే కేంద్రంతో వెడల్పాటి గుంట) పడాలి. ప్యానెల్‌ను ముందు అంచు వెనక్కి పోయేలా తిప్పుతారు కాబట్టి, ఫెన్స్‌కు ఆనే అంచు రెండుసార్లూ అదే. ఫెన్స్‌కు 50 మి.మీ. దూరంలోని రంధ్రాల్లో తేడా 0.3 మి.మీ. మాత్రమే. 300 దగ్గర 1.8, 600 దగ్గర 3.6.

వర్క్‌షాప్ వారు దీన్ని పిన్నుల లోపం అనుకొని ప్యానెల్ స్థానాన్ని నిలిపే కొత్త లొకేటింగ్ పిన్నులు వేశారు, తేడా తగ్గలేదు. తగ్గదు కూడా. పిన్ను పక్కకు జరిగితే అన్ని రంధ్రాలూ ఒకే మేరకు జరుగుతాయి. ఇక్కడ తేడా దూరానికి అనులోమంగా పెరుగుతోంది. అలా పెరిగేది కోణం, లేదా స్కేలు. తేడా వై దిశలో ఉంది, పెరుగుదల ఎక్స్ దూరంతో ఉంది. ఒక దిశలో నడిస్తే ఇంకో దిశలో జరగడమంటే స్కేలు కాదు, కోణమే. పైగా తిప్పి వేసినప్పుడు అదే కోణం వ్యతిరేక దిశలో కనిపిస్తుంది కాబట్టి మనం చూసే తేడా అసలు లోపానికి రెట్టింపు. 600 మి.మీ.కు 3.6 అంటే అసలు లోపం 1.8, అంటే మీటరుకు 3 మి.మీ.

ఈ కొద్దిపాటి లెక్క మొదటే వేసుకుంటే తరువాతి కొలతలు నిజమో కాదో పోల్చుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

తప్పు దారులు

మమ్మల్ని సంప్రదించకముందు జరిగిన ప్రయత్నాలు మూడు. మూడూ తర్కబద్ధంగానే కనిపిస్తాయి, అందుకే రాయదగినవి.

మొదటిది మూలమట్టం. దూలానికీ బల్ల అంచుకూ మధ్య పెట్టి చూశారు, సరిగ్గా 90 డిగ్రీలు. కానీ బల్ల అంచు వై అక్షం కాదు. స్పిండిల్ ఏ దిశలో కదులుతుందో అదే అక్షం, ఆ దిశను నిర్ణయించేది పట్టాలు. ఈ యంత్రంలో బల్లను బిగించినప్పుడే దూలానికి మూలమట్టం పెట్టి సర్దారు. అంటే దూలంతో సర్దిన బల్లను మళ్లీ దూలంతోనే పరీక్షించారు.

రెండోది స్కేలు మార్చడం. 800 × 600 దీర్ఘచతురస్రం కోసి ఒక కర్ణం కొలిచారు. 1000 రావలసింది 1001.4 వచ్చింది. యంత్రం ఎక్కువ దూరం పోతోందనుకొని రెండు అక్షాలకూ మి.మీ.కు మోటారు వేసే స్టెప్పుల (చిన్న కదలికల) సంఖ్యను 0.14 శాతం తగ్గించారు. ఆ కర్ణం 1000కి వచ్చింది. కానీ భుజాలు 798.9, 599.2కి పడిపోయాయి. కొలవని రెండో కర్ణం 998.6 నుంచి 997.2కి దిగింది.

ఎందుకిలా అయిందో తెలియాలంటే వాలు అక్షాల్లో, అంటే లంబంగా లేని అక్షాల్లో, దూరం సూత్రం చూడాలి. అక్షాల మధ్య కోణపు కొసైన్‌ను ‘క’ అందాం. అప్పుడు

దూరం² = ఎక్స్² + వై² + 2 × క × ఎక్స్ × వై

లంబాక్షాల్లో క సున్నా, కాబట్టి మూడో పదం మాయమై మనకు అలవాటైన పైథాగరస్ మిగులుతుంది. స్టెప్పుల సంఖ్య మార్చితే పొడవుల స్కేలు మారుతుంది, క అలాగే ఉంటుంది. క తెచ్చిన తప్పును స్కేలుతో కప్పబోతే ఒక కర్ణం బాగుపడి మిగతావన్నీ చెడతాయి. పని మొదలుపెట్టే ముందు స్టెప్పులను పాత విలువలకు తెచ్చాం.

మూడోది అన్నిటికంటే ఆసక్తికరం. రెండు మోటార్లూ కలిసి పనిచేసేటప్పుడు చూడాలని 200 మి.మీ. భుజం గల చతురస్రాన్ని 45 డిగ్రీలు తిప్పి కోశారు. నాలుగు మూలలూ మూలమట్టానికి సరిపోయాయి. రెండు కర్ణాలూ 282.8, సమానం. ‘అక్షాలు లంబంగానే ఉన్నాయి’ అని తేల్చేశారు.

వాలు అక్షాల్లో మ1, మ2 వాలులున్న రెండు గీతలు లంబంగా ఉండాలంటే షరతు ఇది:

1 + మ1 × మ2 + క × (మ1 + మ2) = 0

45 డిగ్రీల చతురస్రం భుజాల వాలులు +1, −1. వాటి లబ్ధం −1, మొత్తం సున్నా. క ఎంతైనా షరతు నెరవేరుతుంది! అక్షాలు 60 డిగ్రీలలో ఉన్నా ఆ మూలలు లంబకోణాలుగానే వస్తాయి. ఇక ఆ చతురస్రపు కర్ణాలు ఎక్స్, వై దిశల్లోనే పడుతున్నాయి, ఆ దిశల్లో స్కేలు సరిగ్గా ఉంది కనుక అవీ సమానమే. తప్పు దాక్కున్నది భుజాల్లో. ఒక జత 200.3, ఇంకో జత 199.7. వాటిని ఎవరూ కొలవలేదు.

దీన్నే మరోలా చెప్పవచ్చు. అక్షాల వెంట కోసిన చతురస్రం ఈ యంత్రంలో సమచతుర్భుజం అవుతుంది: భుజాలు సమానం, మూలలు తప్పు. 45 డిగ్రీలకు తిప్పి కోసినది దీర్ఘచతురస్రం అవుతుంది: మూలలు సరి, భుజాలు తప్పు. మధ్య కోణాల్లో రెండు తప్పులూ కొంత కొంత వస్తాయి. తిప్పిన కోణం 30 డిగ్రీలైతే మూలలో తప్పు సగానికి తగ్గుతుంది. కాబట్టి పరీక్ష ముక్కను ఏ దిశలో కోశామో తెలియకుండా ‘మూల సరిపోయింది’ అన్న మాటకు విలువ లేదు.

వృత్తం కోసి చూసినా ఇదే మోసం. 200 మి.మీ. వ్యాసం గల వృత్తం దీర్ఘవృత్తంగా వస్తుంది. దాని పెద్ద అక్షం 200.3, చిన్నది 199.7, రెండూ దాదాపు 45, 135 డిగ్రీల దిశల్లో. ఎవరైనా వెర్నియర్‌ను సహజంగా ఎక్స్ దిశలో ఒకసారి, వై దిశలో ఒకసారి పెడతారు. ఆ రెండు చోట్లా 200.00 చూపిస్తుంది.

క విలువ కొలవడం

అగ్గిపెట్టె గూడును పక్కకు నొక్కితే గోడల పొడవు మారదు, ఒక కర్ణం సాగి రెండోది కుంచించుకుపోతుంది. కొలవాల్సింది ఆ తేడానే. మూలలకు ఎ, బి, సి, డి అని పేరు పెడదాం: ఎ మూలబిందువు, బి ఎక్స్ దిశలో, డి వై దిశలో, సి ఎ కు ఎదురుగా. అప్పుడు

క = (ఎసి² − బిడి²) ÷ (4 × ఎబి × ఎడి)

ఈ సూత్రంలో నాకు నచ్చేది స్కేలు తప్పులు తమంతట తామే రద్దయిపోవడం. ఎబి, ఎడి నిజంగా ఎంత వచ్చాయో కొలిచి వేస్తే చాలు.

టేపుతో కొలవడం దండగ. 800 × 600 మీద కర్ణాల తేడాలో అర మి.మీ. పొరబడితే క లో 0.0005 తప్పు వస్తుంది, అంటే మీటరుకు అర మి.మీ. అందుకే 400 × 300 దీర్ఘచతురస్రపు మూలల్లో 8 మి.మీ. రంధ్రాలు వేసి, వదులు లేని డోవెల్ పిన్నులు దింపి, 600 మి.మీ. వెర్నియర్‌తో పిన్నుల బయటి అంచుల మధ్య కొలిచాం. రెండు కొలతల్లోంచీ పిన్ను వ్యాసం 8.00 తీసేయాలి. ఆ వ్యాసంలో చిన్న పొరపాటున్నా రెండిటా ఒకేలా ఉంటుంది కాబట్టి తేడాను చెడగొట్టదు. వచ్చిన విలువలు ఎసి 500.72, బిడి 499.28. తేడా 1.44, మొత్తం 1000. క = 1.44 × 1000 ÷ 480000 = 0.0030. ప్యానెళ్లు తిప్పినప్పుడు దొరికిన మీటరుకు 3 మి.మీ.తో సరిపోయింది. రెండు వేర్వేరు దారుల్లో ఒకే అంకె వచ్చాకే ముందుకు వెళ్లాం. కోణంగా చూస్తే 90 డిగ్రీలకు సుమారు 10 నిమిషాలు (డిగ్రీలో ఆరో వంతు) తక్కువ.

గుర్తు విషయంలో జాగ్రత్త అవసరం. ఎసి పొడవైతే అక్షాల మధ్య కోణం 90 కంటే తక్కువ, క ధనం. ముక్కను బల్ల మీదనుంచి తీశాక ఏ మూల ఏదో చెప్పడం కష్టం. ఎదుటివైపు నిలబడి చూసినా ఎ, సి తారుమారైతే నష్టం లేదు, ఎందుకంటే కర్ణం అదే. కానీ ముక్క బోర్లా పడితే ఎసి, బిడి మారిపోతాయి, దిద్దుబాటు లోపాన్ని రెట్టింపు చేస్తుంది. అందుకే పిన్నులు దింపకముందే ముక్క మీద ఎ అక్షరం, ఎక్స్ దిశలో ఒక బాణం పెన్నుతో వేయించాం.

సాఫ్ట్‌వేర్ దిద్దుబాటు, దాని రెండు దెబ్బలు

మెకానికల్ పనికి ముందు సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడానికి కారణం ఒక్కటే: నచ్చకపోతే క్షణంలో వెనక్కి తీసుకోవచ్చు. మనకు కావలసిన లంబ నిరూపకాలు ఎక్స్, వై అయితే, యంత్రానికి ఇవ్వాల్సిన ఎక్స్ విలువ = ఎక్స్ − క × వై, వై విలువ = వై. కచ్చితంగా రాస్తే అక్షాల మధ్య కోణపు సైన్‌తో భాగించాలి. కానీ ఇక్కడ సైన్ 0.9999955, మీటరుకు 0.005 మి.మీ. కూడా తేడా రాదు. వదిలేశాం. అక్షాలు 60 డిగ్రీల్లో ఉంటే మాత్రం వదలడానికి వీల్లేదు.

ఈ సూత్రాన్ని క్యామ్ పోస్ట్ ప్రాసెసర్‌లో, అంటే డిజైన్‌ను యంత్రపు ఆదేశాలుగా మార్చే ప్రోగ్రామ్‌లో పెట్టాం. ముక్కలు తమలో తాము లంబంగా వచ్చాయి, కర్ణాలు కలిశాయి. కానీ ఫెన్స్‌కు ఆనిన ఫ్యాక్టరీ అంచుతో పోల్చితే రంధ్రాల వరుస 600 మి.మీ. పొడవునా 1.8 మి.మీ. పక్కకు ఒరిగింది. ముక్క సరైన ఆకారంలోనే ఉంది, మొత్తంగా 10 నిమిషాలు తిరిగింది.

ఇక్కడ జ్యామితి చెప్పేది సూటిగా ఉంది. దూరం సూత్రం ఆకారాన్ని నిర్ణయిస్తుంది, ఆ ఆకారం బల్ల మీద ఎటు తిరిగి ఉండాలో నిర్ణయించదు. వాలు అక్షాలను లంబాక్షాలుగా మార్చేటప్పుడు ఎక్స్‌ను కదలకుండా ఉంచి వైని సర్దవచ్చు, లేదా వైని ఉంచి ఎక్స్‌ను సర్దవచ్చు. రెండూ సరైనవే, వాటి మధ్య తేడా ఒక చిన్న భ్రమణం. ఏది ఎంచుకోవాలో చెప్పేది ఫెన్స్. ఫెన్స్ పట్టాల వెంట ఉంది కనుక వై దిశ మారకూడదు. కాబట్టి సూత్రం ఇలా అయింది: ఎక్స్ విలువ = ఎక్స్, వై విలువ = వై − క × ఎక్స్. ఒరగడం పోయింది.

రెండో దెబ్బ చాపాలది. పోస్ట్ ప్రాసెసర్ చాపపు మొదలు, చివర, కేంద్రం మాత్రమే సర్దుతోంది, మధ్యలోని వక్రాన్ని కంట్రోలర్ వేస్తుంది. సర్దిన తరువాత కేంద్రం నుంచి మొదటి బిందువుకు ఉన్న దూరం, చివరి బిందువుకు ఉన్న దూరం ఒకటి కావు. 100 మి.మీ. వ్యాసార్ధపు చాపం ఎక్స్ దిశలో మొదలై 45 డిగ్రీల దగ్గర ముగిస్తే వ్యాసార్ధాలు 100.00, 99.85. జీఆర్‌బీఎల్ 1.1 ఈ తేడా 0.005 మి.మీ.ని, వ్యాసార్ధంలో 0.1 శాతాన్ని రెండిటినీ దాటితే చాపాన్ని తిరస్కరిస్తుంది. ఇక్కడ తేడా 0.15 శాతం, కాబట్టి ఎర్రర్ 33 వచ్చి పని ఆగిపోయింది. అదే పావు వృత్తమైతే రెండు చివరలూ అక్షాల మీదే ఉంటాయి, తేడా 0.001 లోపే, కంట్రోలర్ ఒప్పుకుంటుంది. అందుకే కొన్ని ఫైళ్లు నడిచాయి, కొన్ని ఆగాయి. వర్క్‌షాప్ వారికి ఇది ఫైల్ పాడవడంలా కనిపించింది.

నడిచిన ఫైళ్లలోనూ అసలు తప్పు అలాగే ఉంది. ఒప్పుకున్న చాపాన్ని కంట్రోలర్ తన లెక్కలో వృత్తంగా గీస్తుంది, వాలు అక్షాల మీద అది మళ్లీ దీర్ఘవృత్తమే. ఎర్రర్ వచ్చినవి నయం, కనీసం తెలిశాయి.

పరిష్కారం: ముందు చాపాన్ని చిన్న సరళరేఖలుగా విడగొట్టి, ఆ తరువాత ప్రతి బిందువునూ సర్దడం. ఈ క్రమం తిరగబడకూడదు. రేఖ ముక్క పొడవు జ్యాకూ (చాపం రెండు చివరలను కలిపే సరళరేఖకూ) చాపానికీ మధ్య అనుమతించే ఎడం నుంచి వస్తుంది: పొడవు² = 8 × వ్యాసార్ధం × ఎడం. ఎడం 0.01 మి.మీ. పెట్టుకుంటే 100 వ్యాసార్ధానికి 2.8 మి.మీ. ముక్కలు, 20 వ్యాసార్ధానికి 1.26. ఫైళ్లు పెద్దవయ్యాయి, అంతకుమించి ఇబ్బంది లేదు. ఈ సర్దుబాటు ఫర్మ్‌వేర్‌లోనే (కంట్రోలర్ లోపలి సాఫ్ట్‌వేర్‌లోనే) ఉన్న కంట్రోలర్లకు ఈ తిప్పలు అక్కర్లేదు. అలాంటి ఫర్మ్‌వేర్లయిన మార్లిన్‌లో ఎం852 ఆదేశం, క్లిప్పర్‌లో సెట్ స్క్యూ ఆదేశం ఇదే పని చాపాలు విడగొట్టాక చేస్తాయి. క్లిప్పర్‌కు ఎసి, బిడి, ఎడి కొలతలు ఇస్తే కోణం అదే లెక్కించుకుంటుంది.

అసలు కారణం, మెకానికల్ దిద్దుబాటు

ముక్కలు సరిగ్గా వస్తున్నాయి కదా అని ఇక్కడ ఆపవచ్చు. ఆపకపోవడానికి కారణం 4.2 అనే అంకె. 1400 మి.మీ. పట్టాల మధ్య క 0.003 అంటే దూలం కుడి చివర ఎడమ చివరకంటే 4.2 మి.మీ. ముందుంది. పట్టాల మీద జారే బేరింగ్ బ్లాకులు అంత మెలికను స్వేచ్ఛగా తట్టుకోవు. అంటే ఎక్కడో బిగువు నిల్వ ఉంది. ఆ బిగువు సడలిన రోజు క మారుతుంది, సాఫ్ట్‌వేర్‌లోని స్థిరసంఖ్య అబద్ధమవుతుంది.

మొదట తేలిక దారి: కుడి హోమింగ్ స్విచ్‌ను 4.2 మి.మీ. జరిపి హోమ్ చేయించాం. క 0.0019కి మాత్రమే వచ్చింది. మోటార్లకు కరెంటు తీయగానే దూలం కొంత వెనక్కి లాక్కుంది. దూలం చివరి ప్లేట్ల బోల్టులు ఒరిగిన స్థితిలోనే బిగించి ఉన్నాయని అది చెప్పకనే చెప్పింది. మోటారు కీలుతో కుస్తీ పడుతోంది, ఆ స్థితిలో వదిలితే స్టెప్పులు తప్పుతాయి.

పని చేసిన క్రమం ఇది. కరెంటు తీసి, కుడి ప్లేట్ బోల్టులన్నీ వదులు చేశాం, ఎడమవి పావు మలుపు మాత్రమే. దూలం తనంతట తాను విశ్రాంతి స్థితికి వచ్చాక కరెంటు ఇచ్చి, కుడి మోటారును ఒంటరిగా జాగ్ చేస్తూ (కొద్దికొద్దిగా కదుపుతూ) కర్ణాలు కలిసేదాకా సర్దాం. బోల్టులను ఎదురెదురు జతలుగా, రెండు విడతల్లో బిగించాం. ఒకే వైపునుంచి వరుసగా బిగిస్తే ప్లేట్ మళ్లీ తిరుగుతుంది. తరువాత కరెంటు తీసి చూస్తే దూలం కదల్లేదు. అప్పుడే హోమింగ్ స్విచ్‌ను కొత్త స్థానానికి సర్దాం.

చివరి కొలతకు వెర్నియర్ వదిలి 800 × 600 పిన్నుల మీద పోలిక కడ్డీ వాడాం: ఒక చివర స్థిరమైన మొన, మరో చివర డయల్ గేజ్. కర్ణం ఎంతో దానికి తెలియదు, తెలియనవసరం లేదు. ఎసి మీద సున్నా చేసి బిడి మీద చదవడమే. తేడాలో 0.05 మి.మీ. పొరబడినా క లో తప్పు 0.00005 మాత్రమే. వచ్చిన విలువ 0.00017. ఒకే కొలతతో ఊరుకోకుండా బల్ల ముందు, వెనక భాగాల్లోనూ 400 × 300తో చూశాం. మూడు విలువలూ కొలత పొరపాటు పరిధిలోనే కలిశాయి. కలవకపోతే పట్టా వంగి ఉన్నట్టు, ఒకే క తో ఆ వంపును సర్దలేం.

మిగిలిన 0.00017ను పోస్ట్ ప్రాసెసర్‌లోనే ఉంచాం. ఇప్పుడది 600 మి.మీ. దగ్గర సర్దుతున్నది 0.1 మి.మీ. ప్యానెల్‌ను తిప్పి వేసిన పరీక్షలో అదే దూరంలో రంధ్రాలు 0.1 లోపు కలిశాయి. పోస్ట్ ఫైల్ మొదటి పంక్తిలో క విలువ, కొలిచిన తేదీ, ఏ అక్షాన్ని కదలకుండా ఉంచామో రాయించాం. బోల్టు విప్పినా, గాంట్రీ దేన్నైనా గుద్దుకున్నా ఆ పంక్తి చెల్లదు.

స్పిండిల్ పైకీ కిందికీ కదిలే జడ్ అక్షాన్ని కూడా చూడాలి. మూడు అక్షాలైతే దూరం సూత్రంలో అడ్డ పదాలు మూడు, కొసైన్‌లు మూడు. మూలమట్టం నిలబెట్టి, స్పిండిల్‌కు డయల్ గేజ్ బిగించి 60 మి.మీ. కిందికి దించితే రెండు దిశల్లోనూ 0.02 తేడా వచ్చింది. 18 మి.మీ. ప్యానెల్‌లో అది 0.006 మి.మీ. దాన్ని ముట్టుకోలేదు.